కత్తుల పెట్టె మీద పాపాయి

చెట్టు దిగి పాకకు వచ్చిన ప్రతి మనిషీ ముందు కత్తి తీసి పాపాయికి ఇవ్వాలి. కల్లు లొట్టి దించడం ఆ తర్వాత. ఆమె ఆ కత్తిని తాటాకు ఒరతో సహా టేకు పెట్టెలో పెడుతుంది. అందరివీ వచ్చాక తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంటుంది. మధ్యాహ్నం మళ్లీ చెట్టెక్కే వేళకే పెట్టె తెరుస్తుంది. ఈ లోపు ఉల్లిపాయ తరగడానికైనా ఆ కత్తులు బయటికి రావు.

కల్లు గీసే కత్తి మామూలు కత్తి కాదు. రాయిపొడి చల్లిన చెక్క మీద రోజూ నూరతారు. తాటి గెల చివర కాగితం మందాన పొర తియ్యాలి, అంతకంటే ఎక్కువ తెగితే కల్లు కారదు. అలాంటి పదునున్న కత్తి నడుముకు కట్టుకున్న మనుషులు కల్లు తాగే మనుషుల మధ్య తిరగకూడదని పాపాయి మామగారు గుత్తుల ముసలయ్య నియమం పెట్టాడు. ఊరికే పెట్టలేదు. ఆయన కుర్రతనంలో ఒక లొట్టి నాదంటే నాదని ఇద్దరు గీతవాళ్లు పాక ముందే తగువు పడ్డారు. ఒకడు రెండోవాడి పొట్ట అడ్డంగా కోశాడు. దెబ్బ తిన్నవాడు పేగులు రెండు చేతులతో పొట్టలోకి అదుముకుంటూ కాలవ గట్టు దాకా నడిచి, అక్కడ కూలబడి చచ్చిపోయాడు. పాక రెండేళ్లు మూతపడింది. తెరిచిన రోజున ముసలయ్య వడ్రంగిని పిలిచి పెట్టె చేయించాడు.

పొన్నలంక గోదావరి ఒడ్డున ఉంది. ఎదురుగా అవతలి ఒడ్డున యానాం. వంతెన లేదు, పంటు మీద దాటాలి. గుత్తుల వారి పాక ఊరి చివర, పంట కాలవ గట్టును ఆనుకుని ఉంటుంది. తాటాకు కప్పు, ఇసుక పోసిన నేల, నాలుగు బల్లలు. ముసలయ్య పోయాక పెద్దకొడుకు పెదబాబు నడిపాడు. ఎనభై తొమ్మిదిలో చెట్టు మీద ఉండగా పెదబాబు నడుముకు చుట్టిన మోకుతాడు తెగింది. తాటిచెట్టు పైనుంచి వెల్లకిలా పడ్డాడు. వెన్ను విరిగి, తొమ్మిది రోజులు బతికాడు. నొప్పికి నాలుక కొరుక్కునేవాడు, చివరి రోజుల్లో నోట్లో గుడ్డ పెట్టాల్సి వచ్చింది. అప్పటినుంచి పాక పాపాయిది. ఆమె మరిది చినబాబు, మరో ఆరుగురు గీస్తారు. లైసెన్సు ఏడుగురి పేర్ల మీదా ఉమ్మడిగా ఉండేది.

ఆ పాకకు మరికొన్ని కట్టుబాట్లున్నాయి. కల్లులో మత్తు పొడి కలపరు, చక్కెర బిళ్ల వెయ్యరు. కాళ్లు తడబడుతున్నవాడికి మళ్లీ పొయ్యరు. మిగిలి పులిసిపోయింది కాలవలో పారబొయ్యకుండా కుండల్లో ఉంచి, పచ్చళ్లకు వాడే పులుపు నీళ్లుగా అమ్ముతారు. మూడో వంతు చెట్లను ఆ ఏడాది గియ్యకుండా వదిలేస్తారు. పిడుగు పడో, పురుగు పట్టో ఒక చెట్టు చస్తే గట్టు మీద పది టెంకలు పాతుతారు. చెట్టు మీంచి పడి చచ్చినా, ఇక ఎక్కలేకపోయినా ఆ మనిషి వాటా ఆ ఇంటికి వెళ్తూనే ఉంటుంది. గోదావరికి రెండు వైపులా ఈ పాకను ఎగతాళి చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. తాగడానికి మాత్రం అక్కడికే వచ్చేవారు.

తొంభై అయిదులో మద్య నిషేధం వచ్చింది. సారా అంతకుముందే పోయింది, ఇప్పుడు బ్రాందీ, విస్కీ కూడా పోయాయి. కల్లుకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. యానాం వేరే కేంద్రపాలిత ప్రాంతం కిందికి వస్తుంది కాబట్టి అక్కడ సీసాలు ఎప్పటిలాగే చవగ్గా దొరికేవి. మధ్యలో ఉన్నది గోదావరి ఒక్కటే. పడవలున్న ప్రతివాడికీ ఏదో ఒక ఆలోచన వచ్చింది. సత్తిరాజుకు అందరికంటే ముందు వచ్చింది. అప్పటిదాకా ఇసుక పడవలు తిప్పే మనిషి. ఏడాది తిరగకుండా పడవలు ఆరయ్యాయి, వాటి వెంట తిరిగే కుర్రకారు ఇరవై మంది దాకా అయ్యారు. పెరవలి కాలవలో ఒక ఎక్సైజ్ కానిస్టేబుల్ చెవి తెగింది. పడవ తాడు తగిలిందని ఆ కానిస్టేబులే రాసిచ్చాడు.

తొంభై ఆరు ఫిబ్రవరిలో సత్తిరాజు గుత్తుల వారి పాకకు వచ్చాడు. హీరో హోండా గట్టు మీద ఆపి, దిగకుండానే పిలిచాడు.

"ఏవండోయ్ పాపాయి గారూ, చిన్న మాటండి. మా సరుకు మీ పాక వెనకాల ఓ మూల పెట్టుకుంటామండి. మీ కల్లు జోలికి రామండి."

"పెట్టుకోడానికి మీ ఇంట్లో మూలల్లేవా సత్తిరాజు గారూ?"

"మా ఇంటికి జీపొస్తందండి. మీ పాక్కి రాదు. లైసెన్సున్న పాక, పైగా మంచి పేరు."

"ఆ పేరు అద్దెకివ్వటం లేదండి."

సత్తిరాజు నవ్వాడు. బల్లల దగ్గర కూర్చున్నవాళ్లకు వినపడేలా అన్నాడు.

"పౌడరు కలపరు, తాగినోడికి పొయ్యరు, ఆఖరికి చెట్లకి కూడా సెలవులిస్తారు. మీరు కల్లు పాక నడుపుతున్నారో బడి నడుపుతున్నారో తెలవట్లేదండి మాకు."

"బడే అనుకోండి. మీరు ఫెయిలయ్యారు, వెళ్లి రండి."

అన్నది పాపాయి కాదు, చినబాబు. అప్పుడే లొట్టి దించి చేతులు తుడుచుకుంటున్నాడు. ముప్పై రెండేళ్లవాడు, నోరు ఆగదు. బల్లల దగ్గరవాళ్లు పగలబడి నవ్వారు. సత్తిరాజు కూడా వాళ్లతో కలిసి కాసేపు నవ్వి, బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

నెల తర్వాత ఒక పొద్దున్న పాక వెనక పోగేసిన తాటాకు మోపుల కింద చినబాబుకు మూడు పెట్టెల సీసాలు దొరికాయి. ఎవరు పెట్టారన్నది అడగక్కర్లేదు. పాపాయి పంచాయతీ ప్రెసిడెంటుకు కబురు పెట్టి, ఆయన ఎదుట వాటిని పోలీసులకు అప్పగిద్దామంది. చినబాబు ఆగలేదు. పెట్టెలు గట్టు మీదికి ఈడ్చి, ఒక్కొక్క సీసా పైకెత్తి జనానికి చూపించి, కల్వర్టు రాయికేసి కొట్టాడు.

"ఇది సత్తిరాజు గారి తాత పేరు! ఇది సత్తిరాజు గారి మావ పేరు! అయ్‌బాబోయ్, ఇదెవరిదబ్బా, ఘుమఘుమలాడతంది!"

జనం చప్పట్లు కొట్టారు. తాతాజీ అనే గీతవాడొక్కడే చినబాబు చెయ్యి పట్టుకుని ఆపబోయాడు. తాతాజీ అందరిలోకీ పెద్దవాడు, ముసలయ్య చేతి కింద పని నేర్చుకున్నవాడు. చినబాబు ఆ చెయ్యి విదిలించుకుని ఆఖరి సీసా కూడా పగలగొట్టాడు.

ఏప్రిల్ మొదటి వారంలో సత్తిరాజు మనుషులు వచ్చారు. పొద్దున్న ఎనిమిదవుతోంది. ఆ వేళకే రావడంలో లెక్క ఉంది. ఏడుగురూ చెట్లు దిగి పాకలో ఉంటారు, కత్తులన్నీ పెట్టెలో ఉంటాయి, పెట్టెకు తాళం ఉంటుంది. ఈ సంగతి గోదావరికి అటూ ఇటూ తెలియని మనిషి లేడు.

పదిమంది పడవలో కాలవ లోపలికి వచ్చారు. సత్తిరాజు విడిగా బండి మీద వచ్చి గట్టు మీద ఆగాడు. వాళ్ల చేతుల్లో తెడ్లు, సైకిల్ చైన్లు, ఇనప ఊచలు ఉన్నాయి. ఒకడి దగ్గర గడ్డపార ఉంది. తాగుతున్నవాళ్లు గ్లాసులు వదిలేసి పొలాలకు అడ్డం పడి పరిగెత్తారు. మొదటి దెబ్బ కల్లు పోసే పెద్ద బానకు తగిలింది. రెండోది తాతాజీ మోకాలికి. ఇంకో గీతవాడికి చైను ముఖం మీద తగిలి పై పెదవి రెండుగా చీలింది. ఆ మనిషి కూర్చున్నచోటే కూర్చుని నెత్తురు దోసిట్లో పట్టుకుంటూ ఉండిపోయాడు.

"ఒదినా! తాళం! తాళం విసురు!" చినబాబు అరిచాడు.

పాపాయి బొడ్లో చెయ్యి పెట్టింది. తాళంచెవి బయటికి తీసింది కూడా. అప్పుడే గట్టు మీంచి సత్తిరాజు గొంతు వినపడింది.

"తియ్యండమ్మా, తియ్యండి! కత్తులు తీస్తే మాకూ పని తేలిక!"

ఆమెకు సంగతి అర్థమైంది. ఏడు కత్తులు బయటికొస్తే అక్కడ అయిదారు శవాలు లేస్తాయి. కత్తి పట్టినవాళ్లంతా జైలుకు పోతారు. లైసెన్సు ఆ సాయంత్రానికే రద్దవుతుంది. మిగిలిన పాకను వేలంలో ఎవరు పాడుకుంటారో చెప్పక్కర్లేదు. ఆమె తాళంచెవి మళ్లీ బొడ్లో దోపి, వెళ్లి పెట్టె మీద కూర్చుంది. రెండు చేతులతో తాళాన్ని, గొళ్లేన్ని కలిపి పట్టుకుంది.

తెడ్డు దెబ్బ ఎడమ భుజం మీద పడింది. ఆమె లేవలేదు. గొళ్లెం పట్టుకున్న చేతి మీద ఊచతో కొట్టారు. రెండు వేళ్లు విరిగాయి. వదల్లేదు. సొంత మనుషులు కూడా ఆమె మీద అరుస్తున్నారు.

"లెగొదినా! చంపేత్తన్నారు, లెగు!"

ఆమెను పక్కకు లాగి పెట్టె పగలగొట్టడానికి ఒక్క నిమిషం చాలు. కుంటుతూనే తాతాజీ పెట్టె దాకా వచ్చాడు. వచ్చి ఆగిపోయాడు. "పెదబాబు పెళ్లాం. పాకంతటికీ పెద్దొదిన. మీద చెయ్యేసి ఎలా లాగుతానండీ?" అని తర్వాత ఎన్నోసార్లు అన్నాడు.

నలుగురు కలిసి చినబాబును పట్టుకుని ఇసుకలో బోర్లా పడేశారు. గట్టు దిగి సత్తిరాజు వచ్చాడు. చెప్పు కాలితో చినబాబు తల అటు తిప్పాడు.

"ఏ చేత్తో పగలగొట్టావురా సీసాలు?"

చినబాబు ఇసుక ఉమ్మి, సత్తిరాజు తల్లిని తిట్టాడు.

"కుడి చెయ్యేనంట్రా," అన్నాడు సత్తిరాజు.

చెయ్యి తీసుకెళ్లి బల్ల మీద ఆనించి పట్టుకున్నారు. గడ్డపార మొద్దు వైపుతో కొట్టారు. మొదటి దెబ్బకు చినబాబు అరిచాడు. మూడో దెబ్బకు అరవడం మానేశాడు. అయిదో దెబ్బకు బల్ల విరిగింది. చేతిలో ఎముక ఎక్కడుందో, మాంసం ఎక్కడుందో తెలియలేదు. పడవ ఎక్కేముందు సత్తిరాజు పాపాయి దగ్గరికి వచ్చి రెండు చేతులూ జోడించాడు.

"మీ క్రమశిక్షణ గొప్పదండి."

కాకినాడ ఆసుపత్రిలో చినబాబు చేతిని మణికట్టు పైన తీసేశారు. పాపాయికి భుజం కట్టు కట్టారు, వేళ్లు అతకలేదు. పత్రికల్లో జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త వచ్చింది. పాత కక్షలని రాశారు. పోలీసులు ముగ్గుర్ని పట్టుకున్నారు. సత్తిరాజు కోర్టులో లొంగిపోయి, రెండు వారాల్లో బెయిలు మీద బయటికి వచ్చి, రేవులో టీ కొట్టు దగ్గర ఎప్పటి కుర్చీలోనే కూర్చున్నాడు.

గుత్తుల వారి పాక గొడవ జరిగిన మర్నాడే తెరిచారు. కట్టు కట్టిన చేత్తో పాపాయి ఆరు కత్తులు పెట్టెలో పెట్టుకుంది. ఏడోది అప్పటికే అందులో ఉంది. చినబాబు వాటా రోజూ ఇంటికి చేరుతోంది. తీసుకెళ్లే మనిషితో చినబాబు మాట్లాడేవాడు కాదు. భార్య సాయిదుర్గ గుమ్మంలోకి వచ్చి తీసుకునేది. అన్నం ఆమే కలిపి పెట్టాల్సి వచ్చేది. మొదటి వారంలో రెండుసార్లు కంచం గోడకేసి కొట్టాడు. ఒకసారి ఆమెను కొట్టాడు. కొట్టింది తెగిన చేత్తోనే, కుట్లు ఊడి నెత్తురు ఆమె జాకెట్టు మీద పడింది.

మే నెలాఖరులో ఒక పొద్దున్న చినబాబు పాకకు వచ్చాడు. గాయం తగ్గాక ఊళ్లోకి రావడం అదే మొదటిసారి. అతను కూర్చోలేదు.

"నా కత్తి ఇవ్వొదినా."

ఇదీ ముసలయ్య పెట్టిన కట్టుబాటే. కత్తి పాకది కాదు, మనిషిది. పని మానేసినవాడు అందరి ముందూ అడిగి తన కత్తి ఇంటికి తీసుకెళ్తాడు. చాలామంది ఇళ్లల్లో దేవుడి పటాల పక్కన ఆ కత్తి వేలాడుతూ ఉంటుంది. పెదబాబు కత్తి పాపాయి ఇంట్లో అలాగే ఉంది.

"ఏం చేసుకుంటావురా?" తాతాజీ అడిగాడు.

"గెడ్డం గీసుకుంటాను. ఎడం చేత్తో అలవాటు చేసుకోవాలిగా అన్నాయ్."

ఎవరూ నవ్వలేదు. తాతాజీ పాపాయి వైపు తిరిగాడు.

"ఇవ్వకొదినా. నా మాటిను. ఆడి కళ్లు చూడు."

పాపాయి చినబాబు కళ్లలోకి చూసింది. పెట్టె తెరిచింది. అతని కత్తి పిడికి ఎర్ర గుడ్డ చుట్టి ఉంటుంది, వెతకక్కర్లేదు. ఒరతో సహా తీసి అతని ఎడమ చేతిలో పెట్టింది. అతను వెళ్లాక తాతాజీ మీద విసుక్కుంది.

"ఆడి సొత్తు ఆడికివ్వనంటే మనకీ ఆ సత్తిరాజుకీ తేడా ఏంటి?"

"తేడా సంగతి తర్వాతొదినా. ఆడు ఊరుకోడు."

అయిదో రోజున చినబాబు పంటు రేవుకు వెళ్లాడు. మధ్యాహ్నం మూడు గంటలు. సత్తిరాజు టీ కొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీలో, తల వెనక్కి వాల్చి కూర్చుని రేడియోలో క్రికెట్ వింటున్నాడు. చినబాబు భుజాన తువ్వాలు ఉంది. వెనక నుంచి వచ్చాడు. తువ్వాలు కింద పడింది. కత్తి గొంతు మీద ఒక్కసారే నడిచింది. ఎడం చెయ్యి కాబట్టి కోత వంకరగా, చెవి దాకా పోయింది. సత్తిరాజు లేచి నిలబడి రెండడుగులు వేశాడు. మెడ పట్టుకోబోయిన వేళ్లు కోత లోపలికి దిగిపోయాయి. టీ కొట్టు గోడ మీదికి, మరుగుతున్న పాల గిన్నెలోకి నెత్తురు చిమ్మింది. పంటు ఇంకా నది మధ్యలో ఉంది. అది ఒడ్డుకు వచ్చేసరికి మనిషి పోయాడు. చినబాబు కత్తి అక్కడే పడేసి, అరటితోటల్లోంచి నడిచి వెళ్లిపోయాడు.

రేవులో ఆ సమయానికి ఇరవై మందికి తక్కువ లేరు. ఒక్కరూ చూడలేదన్నారు. టీ కొట్టువాడు పాలు పొంగితే అటు తిరిగానన్నాడు. సత్తిరాజు మనుషులంటే కొందరికి భయం. సత్తిరాజు పోయినందుకు మరికొందరికి సంతోషం. ఎవరిది ఏదైనా సాక్ష్యం మాత్రం లేదు.

సత్తిరాజు తమ్ముడు ఆ రాత్రే ఫిర్యాదు ఇచ్చాడు. ఏప్రిల్ గొడవకు పగ తీర్చుకోవడానికి పాకవాళ్లంతా కలిసి కుట్ర పన్ని చంపారని అందులో ఉంది. గీతవాళ్లు ఏడుగురి పేర్లు, పాపాయి పేరు రాయించాడు. మర్నాడు పొద్దున్న ఎక్సైజ్ వాళ్లు వచ్చి పాకకు తాళం వేసి సీలు కొట్టారు. హత్యకు వాడింది కల్లు గీసే కత్తి కాబట్టి, అది ఎవరిదో తేలేదాకా లైసెన్సు నిలిపేస్తున్నామన్నారు. ఎవరూ చెట్టెక్కకూడదన్నారు.

రెండు మూడు రోజులు గియ్యకపోతే గెల ఎండిపోతుంది. ఆ ఏడాదికి ఆ చెట్టు లేనట్టే. ఆరు కుటుంబాలు పాపాయి అరుగు మీద కూర్చున్నాయి. తాతాజీ గట్టు మీద నిలబడి, నిండి పొంగి కారిపోతున్న లొట్లను చూస్తున్నాడు. పైన కాకులు మూగాయి.

ఆ సాయంత్రం సాయిదుర్గ వచ్చింది. గడపలోనే కూలబడి పాపాయి కాళ్లు పట్టుకుంది.

"అక్కా, ఒక్క మాటక్కా. ఆ కత్తి ఎవరిదో తెలవదను. చాలు. ఊరంతా చూళ్లేదంది. నువ్వూ తెలవదంటే ఆయన బయటపడతాడు."

"నేను తెలవదంటే ఏడుగుర్నీ లోపలేస్తారే."

"వెయ్యరక్కా. రెణ్ణెల్లు తిప్పి వదిలేత్తారు. ప్లీడరు చెప్పాడు."

"రెణ్ణెల్లకి చెట్లుంటాయా? తాతాజీ మోకాలు లాకప్పులో నిలబడద్దా?"

సాయిదుర్గ కాళ్లు వదిలేసింది. లేచి నిలబడింది.

"ఆరోజు పెట్టె మీంచి లేచుంటే ఆయన చెయ్యుండేది. చెయ్యుంటే ఇదంతా ఉండేది కాదు. చెయ్యి నువ్వే తీశావు, కత్తి నువ్వే ఇచ్చావు. ఇప్పుడు మనిషిని కూడా ఇచ్చేత్తావా?"

సాయిదుర్గ ఆమె ముఖం మీద ఉమ్మేసి వెళ్లిపోయింది.

మర్నాడు సీఐ, ఎక్సైజ్ అధికారి కలిసి పాకకు వచ్చారు. బల్ల మీద గుడ్డ పరిచి కత్తి పెట్టారు. పిడికి చుట్టిన గుడ్డ మామూలుగానే ఎరుపు, దాని మీద నెత్తురు నల్లగా ఎండి ఉంది. గీతవాళ్లు ఆరుగుర్నీ ఎదురుగా నిలబెట్టారు.

"ఇది మీ పాకలోదేనా?" సీఐ అడిగాడు.

"ఆయ్. మా పెట్టెలో ఉండేదేనండి," అంది పాపాయి.

"ఎవరిది?"

"మా మరిది చినబాబుదండి."

తాతాజీ తల దించుకున్నాడు.

"అతని చేతికి ఎలా వచ్చింది?"

"నేనే ఇచ్చానండి. ఇది జరగడానికి అయిదు రోజుల ముందు, ఇక్కడే, అందరూ చూస్తుండగా."

"ఇలా చేస్తాడని తెలిసే ఇచ్చావా?"

"పని మానేసినోడి కత్తి ఆడికిచ్చెయ్యడం మా కట్టుబాటండి. ఎందుకని అడగటం అందులో లేదండి."

"తెలుసా తెలీదా అని అడుగుతున్నాను."

"అనుమానం ఉందండి. అనుమానం మీద ఒకరి సొత్తు ఆపలేను కదండీ."

సీఐ ఆ మాట రాయించుకున్నాడు. ఎక్సైజ్ అధికారి సీలు తీయించాడు. గీతవాళ్లు ఆరుగురూ మోకులు భుజాన వేసుకుని చెట్ల మీదికి పరిగెత్తారు. పదకొండు చెట్ల గెలలు అప్పటికే ఎండిపోయాయి. మిగతావి దక్కాయి. చినబాబు ఆ వారంలోనే తుని రైల్వే స్టేషన్ బల్ల మీద కూర్చుని ఉండగా దొరికాడు. పారిపోయే ప్రయత్నం చెయ్యలేదు. ఎటు వెళ్లాలో తేలక మూడు బళ్లు వదిలేశాడట.

కేసు ఏడాదిన్నర నడిచింది. ఈలోగా నిషేధం ఎత్తేశారు. పొన్నలంక రేవులో, సత్తిరాజు కుర్చీ ఉండే టీ కొట్టు పక్కనే, సర్కారు లైసెన్సుతో బ్రాందీ షాపు వచ్చింది. ఆయన పడవలు మళ్లీ ఇసుకకు తిరుగుతున్నాయి.

పాపాయి కోర్టులో కూడా అదే చెప్పింది. ముద్దాయి తరఫు ప్లీడరు ఆమెను గంటసేపు పీడించాడు. మరిది చెట్ల వాటా కలుపుకోవడానికే ఇరికించావు కదా అన్నాడు. కాదండి అంది. ఏప్రిల్లో పెట్టె తాళం తియ్యకుండా అతని చెయ్యి విరగ్గొట్టించింది నువ్వే కదా అన్నాడు. అవునండి అంది. ప్లీడరు కాగితాలు వెతుక్కున్నాడు.

భోజనం వేళ కోర్టు వరండాలో చినబాబును బెంచీ మీద కూర్చోబెట్టారు. సంకెల ఒక్క చేతికే, రెండో వైపు కానిస్టేబుల్ నడుముకు తగిలించారు. పాపాయి అటుగా వెళ్తుంటే పిలిచాడు.

"ఒదినా. ఏళ్లు ఒంగుతున్నాయా?"

"ఒంగట్లేదురా."

"ఒంగవులే. నాకు అసలు లేవు." ఆ వెంటనే, "కాలవ మలుపులో పోతు తాడి ఎవరు గీత్తన్నారు?" అన్నాడు.

"తాతాజీ."

"ముసలోడికి ఆ చెట్టు ఎందుకిచ్చారు? నున్నటి చెట్టు. పడతాడు." కానిస్టేబుల్ కదలమన్నాడు. చినబాబు లేచాడు. "నీ సాక్ష్యం బాగుందొదినా. ఒక్క తప్పు లేదు. నువ్వు చచ్చేదాకా ఇలాగే తప్పు చెయ్యకుండా బతుకు."

యావజ్జీవం పడింది. రాజమండ్రి జైలుకు పంపారు. పాపాయి రెండుసార్లు వెళ్లింది. రెండుసార్లూ చూడనన్నాడు. సాయిదుర్గ ఇల్లు ఖాళీ చేసి తుని దగ్గర పుట్టింటికి పోయింది. చినబాబు వాటా నెలనెలా అక్కడికి మనియార్డరు వెళ్తుంది. అది తీసుకుంటుంది. తాతాజీకి మలుపులో చెట్టు మార్చి, కింద పొట్టి చెట్లు ఇచ్చారు.

శిక్ష పడ్డాక వచ్చిన అక్టోబరులో లైసెన్సు కొత్తది వచ్చింది. హత్య నేరం రుజువైన మనిషి పేరు అందులో ఉండకూడదని ఆఫీసులో ఎర్ర గీత కొట్టారు. పాత లైసెన్సులో ఏడు పేర్లుండేవి. కొత్తదానిలో ఆరున్నాయి.